పాఠకుల ప్రశ్నలు – జవాబులు: లీటరు, ఔన్సు, గ్యాలన్

వేసవి ప్రయాణాలు దగ్గరపడుతున్న కొద్దీ అమెరికా కొలతల గురించి అడుగుతూ మా కార్యాలయానికి చాలా ఉత్తరాలు వస్తున్నాయి. అక్కడ ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులూ, అక్కడికి సరుకు పంపే చిన్న వ్యాపారులూ, బడి పిల్లలూ అడిగిన వాటిలో ద్రవాల కొలతలకు సంబంధించినవి ఏరి, ఈ సంచిక మొత్తం వాటికే కేటాయించాను.

ప్రశ్న: మా అమ్మాయి పురిటికి న్యూజెర్సీ వెళ్తున్నాను. నా వంటల నోటుపుస్తకంలో పాలు, నూనె, నీళ్ళు అన్నీ లీటర్లలోనూ మిల్లీలీటర్లలోనూ రాసుకున్నాను. అక్కడి కొలపాత్ర మీద కప్పులూ ఔన్సులూ మాత్రమే ఉన్నాయని అమ్మాయి చెబుతోంది. గుర్తు పెట్టుకునేలా లెక్క చెప్పగలరా? – ఒక పాఠకురాలు, పశ్చిమ మాంబళం

జవాబు: అమ్మా, మన పెద్దలు వాడిన కొలతలు మీకు గుర్తుంటే ఈ లెక్క సులువుగా పట్టుబడుతుంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. అమెరికా కొలతలూ ఇలాగే మెట్టు మెట్టుగా పెరుగుతాయి. మూడు టీ స్పూన్లు ఒక టేబుల్ స్పూను, రెండు టేబుల్ స్పూన్లు ఒక ద్రవ ఔన్సు, ఎనిమిది ఔన్సులు ఒక కప్పు, రెండు కప్పులు ఒక పైంట్, రెండు పైంట్లు ఒక క్వార్ట్, నాలుగు క్వార్టులు ఒక గ్యాలన్. పదులతో, వందలతో, వేలతో నడిచే మెట్రిక్ పద్ధతికి అలవాటు పడిన మనకు ఇది చిక్కుగా కనిపిస్తుంది గాని, మా నాయనమ్మ సోలతో బియ్యం కొలిచేటప్పుడు ఏనాడూ కాగితం మీద లెక్క వేసుకోలేదు. మీరూ నాలుగు రోజుల్లో అలవాటు పడతారు.

ఇక మిల్లీలీటర్లలో చూస్తే, అమెరికా టీ స్పూను 4.93, టేబుల్ స్పూను 14.79, ద్రవ ఔన్సు 29.57, కప్పు 236.6, పైంట్ 473.2, క్వార్ట్ 946.4 మిల్లీలీటర్లు. గ్యాలన్ 3.785 లీటర్లు. వంటింటికి ఇన్ని దశాంశాలు అవసరం లేదు. మీ నోటుపుస్తకంలో తరచుగా కనిపించే పరిమాణాలకు నేను లెక్కకట్టి చూసినవి ఇస్తున్నాను. 250 మిల్లీలీటర్లంటే ఒక కప్పూ, దాని మీద ఒక టేబుల్ స్పూనూ. తేడా ఒకటిన్నర మిల్లీలీటరుకు మించదు. ఆవిన్ అర లీటరు పాకెట్‌లో పట్టే పాలంటే రెండు కప్పులూ, ఇంకొక రెండు టేబుల్ స్పూన్లకు కాస్త తక్కువ. లీటరు అంటే నాలుగుంపావు కప్పులు. ఇక్కడ తేడా అర శాతం మాత్రమే కాబట్టి ఈ ఒక్కటి గుర్తుంచుకున్నా మీ పని జరుగుతుంది. అక్కడ పాలు ఎక్కువగా గ్యాలన్ డబ్బాల్లోనూ అర గ్యాలన్ డబ్బాల్లోనూ దొరుకుతాయి. గ్యాలన్ డబ్బా మన అర లీటరు పాకెట్లు ఏడున్నరకు సమానం.

లీటరు అంటే నాలుగు కప్పులేనని చాలామంది చెబుతారు. కాఫీకో చారుకో అయితే ఆ లెక్కతో ఏ ఇబ్బందీ ఉండదు. కాని బారసాల నాడు ఐదు లీటర్ల పాలతో పాయసం కాచాలని ఇరవై కప్పులు పోశారనుకోండి, నిజానికి పడినవి 4.73 లీటర్లు. ఒక కప్పు కన్నా ఎక్కువే తగ్గింది. బియ్యం, బెల్లం మాత్రం ఐదు లీటర్లకు సరిపడా వేసి ఉంటారు కనుక పాయసం ముద్ద కడుతుంది. అందువల్ల మొత్తం పరిమాణాన్ని ముందు మార్చుకుని, ఆ తరవాత ఒకేసారి ఉజ్జాయింపు సంఖ్యకు తెచ్చుకోండి. ఒక్కో లీటరును ఉజ్జాయింపు చేసి కలుపుకుంటూ పోతే ఆ చిన్న తేడాలన్నీ కూడా కలుస్తూ పోతాయి.

మరొక జాగ్రత్త. అక్కడ కరెంటు రైస్ కుక్కరుతో పాటు ఇచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు అమెరికా కప్పు కాదు. అది జపాను వారి బియ్యపు కొలత, సుమారు 180 మిల్లీలీటర్లు. కుక్కరు గిన్నె లోపల గీసిన నీటి గీతలు ఆ కప్పుకు సరిపోయేలా గీసినవే. బియ్యం ఒక కప్పుతోనూ నీళ్ళు మరొక కప్పుతోనూ కొలిస్తే అన్నం చెడుతుంది.

ప్రశ్న: పెరంబూరులో రైలు పెట్టెల కర్మాగారంలో పనిచేసి విరమించాను. గ్యాలన్ అంటే నాలుగున్నర లీటర్లకు కాస్త ఎక్కువ అని మాకు బడిలో నేర్పారు. అమెరికాలో చదువుతున్న మనవడు 3.785 అంటున్నాడు. నా జ్ఞాపకం తప్పా? – ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: మీ జ్ఞాపకం తప్పు కాదు, మీ మనవడి మాటా తప్పు కాదు. మీకు నేర్పినది బ్రిటిష్ వారి ఇంపీరియల్ గ్యాలన్, అతడు చెబుతున్నది అమెరికా గ్యాలన్. పేరు ఒకటే, పాత్రలు రెండు. ఈ విషయం కాస్త వివరంగా చెప్పవలసినదే, ఎందుకంటే ద్రవాల కొలతల్లో జరిగే పొరపాట్లు చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో ద్రాక్షసారాకు ఒక గ్యాలన్, బీరుకు మరొక గ్యాలన్ వాడుకలో ఉండేవి. యాన్ రాణి కాలంలో, 1707 ప్రాంతంలో, ద్రాక్షసారా గ్యాలన్‌ను 231 ఘనపు అంగుళాలుగా చట్టంలో స్థిరపరచారు. ఆ సంఖ్య ఎక్కడినుంచి వచ్చిందో బడి లెక్కతోనే తెలుస్తుంది. ఏడు అంగుళాల వ్యాసమూ ఆరు అంగుళాల లోతూ గల గుండ్రని పాత్రను తీసుకుని, పై (π) విలువ 22/7 గా పెట్టి ఘనపరిమాణం కట్టండి. సరిగ్గా 231 వస్తుంది. చట్టంలో కూడా ఆ పాత్ర కొలతలే రాశారు. అమెరికా వలసల్లో వాడుకలో ఉన్నది ఈ గ్యాలనే. స్వతంత్రం వచ్చాక కూడా వారు దాన్ని వదలలేదు. 1830 దశకంలో అమెరికా ప్రభుత్వం తన ఖజానా శాఖ ద్వారా దీన్నే ప్రామాణికంగా ఖాయం చేసింది.

ఈలోగా ఇంగ్లండు దారి మార్చుకుంది. 1824లో అక్కడి పార్లమెంటు పాత గ్యాలన్లన్నిటినీ రద్దు చేసి, 62 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పది పౌండ్ల నీరు పట్టే పాత్రను ఇంపీరియల్ గ్యాలన్‌గా నిర్ణయించింది. సామ్రాజ్యంలో భాగమైన మన దేశానికి వచ్చినది ఈ పెద్ద గ్యాలనే. ఇప్పుడు దాని చట్టబద్ధమైన విలువ సరిగ్గా 4.54609 లీటర్లు. మీ పాత పుస్తకం ఇంకా మీ దగ్గర ఉంటే తెరిచి చూడండి, అందులో 4.54596 అని కనిపించవచ్చు. అదీ అచ్చుతప్పు కాదు. 1901 నుంచి 1964 దాకా లీటరు అంటే అత్యధిక సాంద్రత వద్ద ఒక కిలో నీరు ఆక్రమించే చోటు అని నిర్వచనం ఉండేది. అది వెయ్యి ఘనపు సెంటీమీటర్ల కన్నా వెంట్రుకవాసి పెద్దది. 1964లో లీటరును సరిగ్గా వెయ్యి ఘనపు సెంటీమీటర్లుగా సరిచేశారు, దానితో గ్యాలన్ సంఖ్య చివరి అంకెలూ మారాయి.

అమెరికా గ్యాలన్ విలువను మీరే స్వయంగా రాబట్టవచ్చు. 1959లో బ్రిటన్, అమెరికా, మరికొన్ని ఇంగ్లీషు దేశాలు అంగుళాన్ని సరిగ్గా 2.54 సెంటీమీటర్లుగా అంగీకరించాయి. 2.54ను మూడుసార్లు గుణిస్తే ఒక ఘనపు అంగుళం 16.387064 మిల్లీలీటర్లు అవుతుంది. దాన్ని 231తో గుణిస్తే 3,785.411784 మిల్లీలీటర్లు. ఇది ఉజ్జాయింపు కాదు, చివరి అంకె దాకా ఖచ్చితమైన విలువ. దీన్ని 4తో భాగిస్తే క్వార్ట్, 16తో భాగిస్తే కప్పు, 128తో భాగిస్తే ఔన్సు వస్తాయి. ఒక్క 231 గుర్తుంటే పట్టిక లేకపోయినా అమెరికా ద్రవ కొలతలన్నీ మీ చేతిలో ఉన్నట్టే. కర్మాగారంలో అంగుళాలతో పనిచేసిన మీకు ఈ సంఖ్య నచ్చుతుందని నా నమ్మకం.

ఇక మనవడితో మాట్లాడేటప్పుడు ఒక విచిత్రం చెప్పండి. బ్రిటిష్ గ్యాలన్ పెద్దది గాని బ్రిటిష్ ఔన్సు చిన్నది. వారు గ్యాలన్‌ను 160 ఔన్సులుగా భాగించారు, అమెరికా వారు 128గా. అందువల్ల బ్రిటిష్ ద్రవ ఔన్సు 28.41 మిల్లీలీటర్లు, అమెరికా ఔన్సు 29.57. బ్రిటిష్ పైంట్‌లో ఇరవై ఔన్సులు, అంటే 568 మిల్లీలీటర్లు. అమెరికా పైంట్‌లో పదహారు, 473 మిల్లీలీటర్లు. ఒక గ్యాలన్‌ను మరొక గ్యాలన్‌లోకి నోటిలెక్కగా మార్చాలంటే ఐదు బ్రిటిష్ గ్యాలన్లు ఆరు అమెరికా గ్యాలన్లు అనుకోండి. అంత మొత్తం మీద తేడా 18 మిల్లీలీటర్లే.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఆరు క్వార్టుల కరెంటు ప్రెషర్ కుక్కరు కొన్నాడట. మా ఇంట్లో ఉన్న ఐదు లీటర్ల కుక్కరు కన్నా పెద్దదా, చిన్నదా? – ఒక పాఠకురాలు, అణ్ణానగర్

జవాబు: పెద్దది. ఆరు క్వార్టులంటే 5.68 లీటర్లు, ఎనిమిది క్వార్టులంటే 7.57 లీటర్లు. మీ ఐదు లీటర్ల కుక్కరు వారి భాషలో 5.28 క్వార్టులు. క్వార్ట్ లీటరు కన్నా ఐదు శాతం చిన్నది కనుక ఈ సైజుల్లో రెండూ ఒకటేననుకున్నా పెద్దగా నష్టం లేదు. అయితే ఆ సంఖ్య గిన్నె అంచు దాకా పట్టే నీటిది. వండేటప్పుడు మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. పప్పు, అన్నం లాంటి పొంగే పదార్థాలకైతే సగమే హద్దు.

ప్రశ్న: గానుగ నువ్వుల నూనె, ఆవకాయ తయారుచేస్తాం. అమెరికాలోని ఒక దుకాణదారు సరుకు అడుగుతున్నారు. అర లీటరు, లీటరు నూనె సీసాల మీదా, 300 గ్రాముల ఆవకాయ సీసా మీదా ఔన్సులు ఎలా వేయాలి? మొదటి నమూనాలో అన్నిటికీ ఒకే గుణకంతో ఔన్సులు వేస్తే తిప్పి పంపారు. – ఒక చిన్న ఉత్పత్తిదారు, అంబత్తూరు

జవాబు: మీ నమూనా తిరిగి వచ్చిన కారణం ఔన్సు అనే మాటలోనే ఉందని నా అంచనా. అమెరికాలో ఔన్సులు రెండు. ఒకటి ద్రవ ఔన్సు, అది చోటును కొలుస్తుంది, 29.57 మిల్లీలీటర్లు. రెండవది తూకపు ఔన్సు, అది బరువును కొలుస్తుంది, 28.35 గ్రాములు. సంఖ్యలు ఇంత దగ్గరగా ఉండబట్టే ఒకదాని బదులు మరొకటి వాడినా తప్పు కంటికి కనిపించదు. మీ నూనెనే తీసుకోండి. అర లీటరు నువ్వుల నూనె 16.9 ద్రవ ఔన్సులు. అదే నూనెను త్రాసులో పెడితే సుమారు 460 గ్రాములు, అంటే 16.2 తూకపు ఔన్సులు. సీసా ఒకటే, నూనె ఒకటే, సంఖ్యలు రెండు. అందుకే అక్కడ ద్రవ పరిమాణానికి ‘ఫ్లూయిడ్ ఔన్స్’ అనీ, బరువుకు ‘నెట్ వెయిట్’ అనీ విడివిడిగా రాస్తారు.

ఏది ఎప్పుడు రాయాలన్నదానికి అక్కడి ఆహార నియమం సూటిగానే ఉంది. పదార్థం ద్రవమైతే ద్రవ కొలత. గట్టిదైనా, చిక్కటిదైనా, ముక్కలూ రసమూ కలిసినదైనా బరువు. ఆ ప్రకారం నూనెకు ద్రవ ఔన్సులు, ఆవకాయకు తూకపు ఔన్సులు. తేనె చిక్కటిది కాబట్టి దాన్నీ బరువుతోనే అమ్ముతారు. అక్కడ 12 ఔన్సుల తేనె సీసా కొన్నవారు దాన్ని ఒకటిన్నర కప్పు అనుకుంటారు గాని, 340 గ్రాముల తేనె ఒక్క కప్పు గిన్నెలో సరిపోతుంది.

మీ సీసాల లెక్క ఇది. 500 మిల్లీలీటర్లను 29.5735తో భాగిస్తే 16.907 వస్తుంది, 16.9 అని వేయండి. లీటరుకు 33.814 వస్తుంది, 33.8 అని వేయండి. 300 గ్రాములను 28.35తో భాగిస్తే 10.58, దీన్ని 10.6కు పెంచకుండా 10.5 అనే రాయమని నా సలహా. సీసాలో ఉన్నదాని కన్నా ఎక్కువ ఉందని చీటీ చెప్పకూడదు, తక్కువ చెబితే కొనేవాడికి అన్యాయం జరగదు. అమెరికాలో 1994 నుంచి వినియోగ వస్తువుల మీద మెట్రిక్, అమెరికా కొలతలు రెండూ ఉండాలన్నది చట్టం. అక్కడి రెండు లీటర్ల శీతల పానీయం సీసా మీద 67.6 ద్రవ ఔన్సులనీ, పక్కనే 2 క్వార్టులు 3.6 ఔన్సులనీ కూడా కనిపించేది ఇందుకే. మీరు మిల్లీలీటర్లనూ గ్రాములనూ తీసేయకండి. మన దేశంలో అమ్మే సరుకుకు, 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం, అసలు లెక్క అదే. అచ్చుకు ఇచ్చే ముందు చీటీ నమూనాను దిగుమతి చేసుకునేవారికి చూపించి ఆమోదం తీసుకోండి.

ప్రశ్న: అమెరికా నుంచి వచ్చిన మా మనవడికి మూడేళ్ళు. జ్వరం వస్తే వేయమని కోడలు ఎసిటమినోఫెన్ సిరప్ ఇచ్చి వెళ్ళింది. అది మన పారాసిటమాలేనని మందుల షాపులో చెప్పారు. సీసా అయిపోతే ఇక్కడి సిరప్ అంతే కొలతలో వేయవచ్చా? టీ స్పూను అంటే మన కాఫీ చెంచాయేనా? – ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: అమ్మా, ఈ రెండు ప్రశ్నలకూ నా జవాబు కాదు అనే. దయచేసి కింద రాసినది పూర్తిగా చదవండి.

మందు ఒకటే అన్న మాట నిజం. కాని మిల్లీలీటరు సిరప్‌లో ఎంత మందు కరిగి ఉందన్నది దేశాన్ని బట్టి, సీసాను బట్టి మారుతుంది. అమెరికాలో పిల్లల ఎసిటమినోఫెన్ సిరప్‌ను 2011 నుంచి ఉత్పత్తిదారులు 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములు అనే ఒకే బలానికి తెచ్చారు. మన దగ్గర 5 మిల్లీలీటర్లకు 120, 125, 250 మిల్లీగ్రాముల సిరప్‌లు దొరుకుతాయి. పసిపిల్లల చుక్కల మందు ఇంకా గాఢంగా ఉంటుంది, దానిలో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉండవచ్చు. కోడలు 5 మిల్లీలీటర్లు వేయమన్నదని మీరు 250 బలం గల సిరప్ అంతే వేస్తే బిడ్డకు ఒకటిన్నర రెట్లకు పైగా మందు పడుతుంది. ద్రవం కొలత సరిగ్గా ఉన్నా మోతాదు తప్పిన సందర్భం ఇది. పారాసిటమాల్ మితిమీరితే కాలేయానికి హాని. మోతాదును వయసు కన్నా బిడ్డ బరువును బట్టి నిర్ణయించడం మంచిది కనుక, ఇక్కడి సీసాను పిల్లల డాక్టరుకు చూపించి, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకు ఒకసారి అన్నది కాగితం మీద రాయించుకోండి.

టీ స్పూను సంగతి. అమెరికా టీ స్పూను 4.93 మిల్లీలీటర్లు, మందుల విషయంలో దాన్ని 5గానే లెక్కిస్తారు. అది ఒక కొలత పేరు, వంటింటి డబ్బాలో ఉండే చెంచా కాదు. ఈ ఉత్తరం చదివాక మా ఇంట్లోని చెంచాలను వరసగా నీటితో నింపి, ఆ నీటిని మందు సిరంజిలోకి లాగి చూశాను. కాఫీ చెంచా ఒకటి మూడు మిల్లీలీటర్లకు కొంచెం ఎక్కువ పట్టింది, ఉప్మా తినే చెంచా తొమ్మిది దాటింది. రెండింటినీ మా ఇంట్లో చెంచా అనే పిలుస్తాం. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2015లో పిల్లల ద్రవ మందుల మోతాదును మిల్లీలీటర్లలో మాత్రమే రాయాలని సిఫారసు చేసింది ఈ కారణం చేతనే. సీసాతో వచ్చే గీతల కప్పు గాని, సూది లేని సిరంజి గాని వాడండి. బిడ్డ మందు దగ్గర ఔన్సుల లెక్క, టేబుల్ స్పూన్ల లెక్క అసలే వద్దు.

ప్రశ్న: మా అన్నయ్య కారు గ్యాలన్‌కు 32 మైళ్ళు ఇస్తుందట. మన లెక్కలో ఎంత? – ఒక పాఠకుడు, మైలాపూరు

జవాబు: మైలును 1.609 కిలోమీటర్లుగా, గ్యాలన్‌ను 3.785 లీటర్లుగా తీసుకుని భాగిస్తే గుణకం 0.425 వస్తుంది. 32ను దానితో గుణిస్తే లీటరుకు 13.6 కిలోమీటర్లు. సగం చేసి, ఆ సగంలోంచి ఏడో వంతు తీసేస్తే నోటిలెక్కకు దాదాపు సరిపోతుంది. బ్రిటన్ కార్ల పత్రికలో అదే 32 కనిపిస్తే మాత్రం అక్కడి గ్యాలన్ పెద్దది కాబట్టి లీటరుకు 11.3 కిలోమీటర్లే. పెట్రోలు ధరను పోల్చాలంటే గ్యాలన్ ధరను 3.785తో భాగించండి.

ప్రశ్న: ఔన్సు అంటే 30 మిల్లీలీటర్లని చెబితే సరిపోదా? పాయింటు తరవాత నాలుగు అంకెల కోసం ఇంత పట్టింపు ఎందుకు? – ఒక పాఠకుడు, తిరువల్లిక్కేణి

జవాబు: చాలా పనులకు సరిపోతుంది. అమెరికా ప్రభుత్వమే ఆహార పొట్లాల మీద పోషక విలువల పట్టికకు ఔన్సును 30, కప్పును 240 మిల్లీలీటర్లుగా తీసుకోమని నియమం పెట్టింది. ఆ తేడా ఒకటిన్నర శాతం లోపే. అయితే అదే తేడా గ్యాలన్‌కు 55 మిల్లీలీటర్లు, వెయ్యి గ్యాలన్ల తొట్టికి 54 లీటర్లకు పైన అవుతుంది. వర్తకంలో అది డబ్బు. 42 అమెరికా గ్యాలన్ల ముడిచమురు పీపా 158.99 లీటర్లు; ఔన్సుకు 30 లెక్కన కడితే 161.28 అని వస్తుంది. రోజూ వేల పీపాలు కొనేవారు ఆ రెండు లీటర్లను ఎందుకు వదులుకుంటారు?

కాని దశాంశాలు తగ్గించడం వల్ల వచ్చే నష్టం కన్నా, సంఖ్య పక్కన ఉండవలసిన ప్రమాణం పేరు జారిపోవడం వల్ల వచ్చే నష్టం నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. 1983 జులై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానం మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్ బయలుదేరింది. కెనడా అప్పుడే మెట్రిక్ పద్ధతికి మారుతోంది. విమానానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. తొట్టెల్లో ఎన్ని లీటర్లు ఉన్నాయో కొలపుల్లతో చూసి, ఆ లీటర్లను బరువులోకి మార్చడానికి 1.77తో గుణించారు. ఆ సంఖ్య లీటరు ఇంధనం ఎన్ని పౌండ్లు తూగుతుందో చెప్పేది. వచ్చిన జవాబును అందరూ కిలోలు అనుకున్నారు. కిలోలకైతే గుణకం సుమారు 0.8. కావలసినదాంట్లో సగం కన్నా తక్కువ ఇంధనంతో విమానం ఎగిరింది, ఆకాశంలో ఉండగా రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. గ్లైడర్ నడపడంలో అనుభవం గల కెప్టెన్ దాన్ని గాలిలో జార్చుకుంటూ తెచ్చి, గిమ్లీ అనే ఊరిలో పాత వైమానిక స్థావరపు రన్‌వే మీద దింపాడు. అందులో ఉన్న 69 మందిలో ఎవరూ చనిపోలేదు. 1.77 అనే సంఖ్య తప్పు కాదు. దాని పక్కన ‘లీటరుకు పౌండ్లు’ అని రాసి ఉంటే ఎవరో ఒకరి కంట పడేది.

ప్రశ్న: తెలుగుగంగ ద్వారా మన చెన్నైకి 12 టీఎంసీల నీరు రావాలని పాఠంలో ఉంది. టీఎంసీని లీటర్లలోకీ అమెరికా గ్యాలన్లలోకీ మార్చడం ఎలా? – పదో తరగతి విద్యార్థిని, తాంబరం

జవాబు: అమ్మాయీ, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు. అడుగులో 12 అంగుళాలు కాబట్టి ఒక ఘనపు అడుగులో 12 × 12 × 12 = 1,728 ఘనపు అంగుళాలు ఉంటాయి. పైన పెరంబూరు తాతగారికి రాసిన జవాబులో గ్యాలన్‌కు 231 ఘనపు అంగుళాలని చెప్పాను. 1,728ని 231తో భాగిస్తే ఘనపు అడుగుకు 7.48 అమెరికా గ్యాలన్లు. లీటర్లలో అది 28.317. కనుక ఒక టీఎంసీ 748 కోట్ల గ్యాలన్లు, లేదా సుమారు 2,832 కోట్ల లీటర్లు.

మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు కృష్ణా జలాల్లోని తమ వాటాల నుంచి తలా 5 టీఎంసీలు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. దారిలో ఆవిరికీ ఇంకుడుకూ 3 పోగా మిగిలిన 12 చెన్నైకి ఇవ్వాలని 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఒప్పందం చేసుకున్నాయి. శ్రీశైలం నుంచి కండలేరు జలాశయం మీదుగా చెన్నై దగ్గరి పూండి జలాశయానికి మొదటిసారి నీరు చేరింది 1996లో. 12 టీఎంసీలంటే సుమారు 33,980 కోట్ల లీటర్లు, లేదా 8,977 కోట్ల అమెరికా గ్యాలన్లు. చెంబరంబాక్కం చెరువు పూర్తి సామర్థ్యం 3,645 మిలియన్ ఘనపు అడుగులు, అంటే 3.645 టీఎంసీలు. దాన్ని గ్యాలన్లలోకి నువ్వే మార్చి చూడు. 2,727 కోట్లకు దగ్గరగా రావాలి.

ఇంత పెద్ద సంఖ్యలు కళ్ళకు కట్టాలంటే మీ ఇంటికి వచ్చే 20 లీటర్ల నీళ్ళ క్యాను తీసుకో. ఒక్క టీఎంసీతో అలాంటి క్యాన్లు 141 కోట్ల 58 లక్షలు నిండుతాయి. అమెరికాలో వాడే నీళ్ళ సీసా ఐదు గ్యాలన్లది, 18.9 లీటర్లే కనుక, అవైతే 149 కోట్ల 61 లక్షలు నిండుతాయి.